ఊలు టోపీ అల్లడం: సూదులు కొనడం నుంచి చివరి ముడి దాకా

"40 కుట్లు ఎక్కించాను. పది వరసలయ్యాక లెక్కపెడితే 47 ఉన్నాయి. ఆ ఏడూ ఎక్కడినుంచి వచ్చాయండీ?"

అల్లిక మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగేవాటిలో సగం ఇలాంటివే. ఒకరికి కుట్లు పెరుగుతాయి, ఒకరికి తగ్గుతాయి, ఇంకొకరికి మధ్యలో చిల్లు పడుతుంది. వీడియో చూస్తే చెయ్యి ఎలా తిప్పాలో తెలుస్తుంది. సూది మీదున్న కుట్టును చూసి అదేమిటో పోల్చుకోవడం మాత్రం వీడియోతో రాదు. అది వస్తే తప్పు ఎక్కడ జరిగిందో మీకే కనిపిస్తుంది, మీరే సర్దుకుంటారు. అందుకే ఈ మార్గదర్శిలో చెయ్యి తిప్పడం కంటే కుట్టును చూడటం గురించి ఎక్కువ రాశాను.

మనం అల్లబోయేది మూడు నెలల బిడ్డకు టోపీ. మఫ్లర్‌తో మొదలుపెట్టమని చాలామంది చెబుతారు. నేను చెప్పను. మీటరున్నర పొడవునా ఒకే కుట్టు వేసేసరికి విసుగొచ్చి అది సగంలోనే అటకెక్కుతుంది. టోపీ అయితే వారం రోజుల పని. కుట్లు ఎక్కించడం, అంచు, సాదా అల్లిక, తగ్గించడం, కలిపి కుట్టడం, అన్నీ అందులోనే వచ్చేస్తాయి.

1. ఏం కొనాలి

ముందు ఊలు. లేబుల్ మీద "డబుల్ నిట్టింగ్" లేదా "డీకే" (ఊలు మందాన్ని చెప్పే పేరు) అని ఉన్నది తీసుకోండి. 50 గ్రాములు చాలు, ఇంకా కొంచెం మిగులుతుంది. లేసులు, బొత్తాలు అమ్మే షాపుల్లో వర్ధమాన్, గంగా, ఓస్వాల్ లాంటి కంపెనీల ఉండలు దొరుకుతాయి. పేరుకి ఊలే గానీ వాటిలో ఎక్కువ భాగం యాక్రిలిక్. పసిబిడ్డకు అదే నయం, ఒళ్లు గరగరలాడదు, ఉతకడం తేలిక.

రంగు లేతది తీసుకోండి. నలుపు, ముదురు నీలం, బొచ్చు ఊలు మొదటిసారి వద్దే వద్దు. వాటిలో కుట్టు కంటికి ఆనదు. రెండు ఉండలు కొంటుంటే రెండిటి మీదా డై లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు) ఒకటే ఉందో లేదో చూడండి. షాపులో ఒకేలా కనిపించిన రెండు తెలుపులు ఇంటికొచ్చాక వేరు వేరు తెలుపులవుతాయి.

ఇక సూదులు. అందరూ తికమకపడేది నంబర్ల దగ్గరే. మన దగ్గర అమ్మే సూదుల మీద ఎక్కువగా పాత బ్రిటిష్ నంబరు ఉంటుంది. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా నంబర్లు దానికి పూర్తిగా తలకిందులు, నంబరు పెరిగితే లావు. అక్కడున్న కూతురు పంపిన ప్యాటర్న్‌లో (ఎలా అల్లాలో రాసిన కాగితంలో) "8 నంబరు" అని ఉంటే అది 5 మి.మీ. సూది. మన 8 నంబరేమో 4 మి.మీ. ఈ ఒక్క తేడాతో పెద్ద స్వెటర్ చిన్నదైపోయిన ఇళ్లున్నాయి. అందుకే నంబరును నమ్మకండి, మిల్లీమీటర్లు చూడండి.

- 4 మి.మీ. సూదుల జత (మన 8 నంబరు): టోపీ ఒళ్లంతా దీంతోనే
- 3.25 మి.మీ. జత (మన 10 నంబరు): అంచుకు
- లావు కన్నున్న, మొన మొద్దుగా ఉండే సూది: చివర్లో కుట్టడానికి
- ఒక క్రోషే సూది, 3 నుంచి 4 మి.మీ. మధ్యది: జారిన కుట్టును ఎత్తడానికి
- కొలిచే టేపు, కత్తెర, ఒక నోటు పుస్తకం

స్టీలు సూదుల మీద కుట్లు త్వరగా జారిపోతాయి, కొత్త చేతికి అది భయం. వెదురు సూదులు కాస్త పట్టి ఉంచుతాయి. ఒక్క ఇబ్బంది ఉంది. మన ఎండల్లో చేతులు చెమర్చి యాక్రిలిక్ వెదురుకు అతుక్కుంటుంది. నేను ఏప్రిల్, మే నెలల్లో స్టీలుకు మారిపోతాను, అదీ తెల్లవారుజామున మాత్రమే పట్టుకుంటాను.

2. ముందు నమూనా ముక్క

ఈ మెట్టు అందరూ ఎగ్గొడతారు. నేనూ ఎగ్గొట్టాను. మా అక్క మనవడికని అల్లిన మొదటి టోపీ కొబ్బరికాయకు సరిపోయింది. దాన్ని నిజంగానే పూజ గదిలో కొబ్బరికాయ మీద పెట్టి ఫొటో తీసి పంపారు.

డీకే ఊలుతో, 4 మి.మీ. సూదులతో, మామూలు చేతికి 10 సెం.మీ. వెడల్పులో 22 కుట్లు వస్తాయి. మన టోపీ చుట్టుకొలతలో లెక్కకొచ్చేవి 80 కుట్లు. అంటే సుమారు 36 సెం.మీ. మూడు నెలల బిడ్డ తల దాదాపు 40 సెం.మీ. ఉంటుంది. అల్లిక సాగుతుంది కాబట్టి తల కంటే మూడు నాలుగు సెంటీమీటర్లు తక్కువుంటేనే టోపీ నిలుస్తుంది.

ఇప్పుడు మీ చెయ్యి బిగువై 10 సెం.మీ.కు 24 కుట్లు వస్తే? అవే 80 కుట్లు 33 సెం.మీ. అవుతాయి. చెయ్యి వదులై 20 వస్తే 40 సెం.మీ. ఊలు అదే, సూది అదే, కుట్లూ అవే. చేతి బిగువు ఒక్కటీ మారితే ఏడు సెంటీమీటర్ల తేడా.

నమూనా ఇలా చేయండి. 30 కుట్లు ఎక్కించి, నాలుగు వరసలు నిట్ వేసి, తర్వాత ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ చొప్పున 12 సెం.మీ. అల్లండి. (నిట్, పర్ల్ తెలియకపోతే 3, 4 మెట్లు చదివి మళ్లీ ఇక్కడికి రండి.) ముగించడానికి రెండు కుట్లు నిట్ వేసి, మొదటిదాన్ని రెండోదాని మీదుగా ఎత్తి జార్చండి. ఇంకొకటి నిట్ వేయండి, మళ్లీ అలాగే జార్చండి. ముక్కను తడిపి, పిండకుండా తువ్వాలులో ఒత్తి, పరిచి ఆరబెట్టండి. ఆరాక అంచులు వదిలేసి మధ్యలో 10 సెం.మీ. కొలిచి కుట్లు లెక్కపెట్టండి.

- 22 ఉంటే: మొదలుపెట్టేయండి
- 23, 24 ఉంటే: బిగువు. 4.5 మి.మీ. సూదితో మళ్లీ ముక్క అల్లండి
- 20, 21 ఉంటే: వదులు. 3.75 మి.మీ.కు దిగండి

కావాలని బిగించో, వదిలేసో లెక్క సరిచేద్దామనుకోకండి. నాలుగు వరసలయ్యాక చెయ్యి మళ్లీ తన దారికే వస్తుంది. మార్చాల్సింది సూదినే.

3. కుట్లు ఎక్కించడం

బొటనవేలు పద్ధతి చెబుతాను. అంచు సాగుతుంది, బిడ్డ తలకు గుచ్చుకోదు.

ముందు తోక, అంటే ముడికి ఇవతల వదిలే ఊలు కొస, పొడవు చూసుకోవాలి. ఊలును సూది చుట్టూ పది చుట్లు చుట్టి, విప్పి కొలవండి. దాన్ని 8తో హెచ్చవేసి, ఇంకో అర మీటరు కలపండి. చివర్లో మిగిలే తోకతోనే అంచు కలిపి కుడతాం. 75 కుట్లు ఎక్కాక తోక అయిపోతే ఎంత ఏడుపొస్తుందో అనుభవించినవాళ్లకే తెలుసు.

అంత తోక వదిలి, జారుముడి వేసి, ముడిని 4 మి.మీ. సూది మీద పెట్టండి. అది మొదటి కుట్టు. సూది కుడిచేతిలో ఉంచి, తోకను ఎడమ బొటనవేలికి ఒక చుట్టు చుట్టండి. ఆ చుట్టులోకి కింది నుంచి సూది మొన దూర్చండి. ఉండ వైపు ఊలును మొన చుట్టూ ఒకసారి తిప్పండి. బొటనవేలి మీది చుట్టును మొన మీదుగా దాటించి వదిలి, తోకను మెల్లగా లాగండి. రెండో కుట్టు ఎక్కింది.

ఇలా 82 ఎక్కించండి. 80 టోపీకి, రెండు చివర్ల చెరొకటి కలిపి కుట్టేటప్పుడు లోపలికి పోవడానికి. ప్రతి 20 కుట్లకూ వేరే రంగు దారం ముక్కను ఉంగరంలా కట్టి సూదికి తగిలిస్తే మళ్లీ మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టక్కర్లేదు.

ఎక్కించిన కుట్లు సూది మీద అటూ ఇటూ తేలిగ్గా జరగాలి. జరగడం లేదంటే విప్పేసి, ఈసారి రెండు సూదులు కలిపి పట్టుకుని వాటి మీద ఎక్కించండి. అయ్యాక ఒక సూది లాగేయండి.

4. నిట్, పర్ల్: రెండే కుట్లు

హిందీ ప్యాటర్న్‌లలో సీధా, ఉల్టా అని చూసి ఉంటారు. అవి ఇవే.

నిట్: ఊలు అల్లిక వెనకాల ఉండాలి. కుడి సూది మొనను ఎడమ సూది మీది మొదటి కుట్టులోకి ముందు నుంచి వెనక్కి దూర్చండి. ఊలును కుడి సూది వెనకనుంచి ఎడమకు తెచ్చి, రెండు సూదుల మధ్యలోంచి కుడికి దించండి. ఆ చుట్టును మొనతో పట్టి కుట్టులోంచి ముందుకు లాగండి. పాత కుట్టును ఎడమ సూది మీదనుంచి జార్చేయండి.

పర్ల్: ఊలు ముందుకు తెచ్చుకోండి. కుడి సూది మొనను కుట్టులోకి కుడినుంచి ఎడమకు, మొన మీవైపు వచ్చేలా దూర్చండి. ఊలును మొన పైనుంచి వేసి, సూదుల మధ్యలోంచి కిందికి దించి ముందుకు తేండి. ఆ చుట్టును వెనక్కి నెట్టి, పాత కుట్టును జార్చండి.

ఊలు కుడిచేత్తో తిప్పాలా, ఎడమ వేలి మీద ఉంచాలా అని అడుగుతారు. ఏదైనా ఒకటే. నర్సాపురం వైపు క్రోషే లేసు అల్లే ఇళ్లలో పెరిగినవాళ్లకు దారం ఎడమ వేలి మీదే అలవాటు. వాళ్లు అలాగే కానివ్వండి, సూది మొనతో ఊలును కొక్కెంలా అందుకుంటే సరి. వాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి. క్రోషేలో ఎప్పుడూ ఒక్క కుట్టే తెరుచుకుని ఉంటుంది. ఇక్కడ 82 ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. సూది జారితే అన్నీ పోతాయి.

ఇప్పుడు అసలు సంగతి. పది వరసలయ్యాక ఆగి, వెలుతురులోకి వెళ్లి సూది మీదున్న కుట్లను చూడండి.

సూది కింద, కుట్టు మెడ దగ్గర చూపు నిలపండి. మెడ నున్నగా ఉండి, రెండు కాళ్లు కిందికి దిగుతూ చిన్న జడపాయలా కనిపిస్తే అది నిట్. మెడలో కంటె వేసుకున్నట్టు అడ్డంగా చిన్న ఉబ్బు ఉంటే అది పర్ల్. అంతే. ఒకే కుట్టు ముందునుంచి నిట్, వెనకనుంచి పర్ల్. అందుకే అల్లిక తిప్పగానే కంటెలన్నీ మాయమై జడలొస్తాయి.

ఇంకొకటి చూడాలి. ప్రతి కుట్టుకూ సూదికి అటొక కాలు, ఇటొక కాలు ఉంటాయి. కుడివైపు కాలు మీవైపు, సూది ముందు ఉండాలి. అది వెనక్కి వెళ్లిందంటే కుట్టు మెలిబడింది. విప్పి మళ్లీ ఎక్కించినప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే. అలాంటి కుట్టును వెనక కాల్లోంచి అల్లితే మెలి పోతుంది.

అన్ని వరసలూ నిట్ అల్లితే గట్లు గట్లుగా మందంగా వస్తుంది, అంచు చుట్టుకోదు. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ అల్లితే ముందు నున్నగా వస్తుంది, కానీ అంచులు చాపచుట్టలా చుట్టుకుంటాయి. అది మీ తప్పు కాదు, ఆ అల్లిక స్వభావమే అంత. దాన్ని ఆపడానికే టోపీకి అంచు వేస్తాం.

5. అంచు

3.25 మి.మీ. సూదికి మారండి. ఒక నిట్, ఒక పర్ల్, ఒక నిట్, ఒక పర్ల్... వరస చివరి దాకా. 82 సరిసంఖ్య కాబట్టి ప్రతి వరసా నిట్‌తో మొదలై పర్ల్‌తో ముగుస్తుంది. 3 సెం.మీ. వచ్చేదాకా ఇదే.

ఇక్కడ ఊలు ముందుకూ వెనక్కూ తేవడమే పని. నిట్ తర్వాత పర్ల్‌కు వెళ్లేటప్పుడు ఊలును సూదుల మధ్యలోంచి ముందుకు తేవాలి, సూది మీదుగా కాదు. మీదుగా తెస్తే కొత్త కుట్టు పుడుతుంది.

ఫోనొచ్చి మధ్యలో లేస్తే ఎక్కడున్నారో గుర్తుండదు. ఎడమ సూది మీది కుట్టును చూడండి. కంటె ఉంటే పర్ల్, లేకపోతే నిట్. నోటితో లెక్క అక్కర్లేదు.

6. ఒళ్లు

4 మి.మీ. సూదికి తిరిగి రండి. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్. అంచుతో కలిపి 10 సెం.మీ. అయ్యేదాకా. ఆఖరి వరస పర్ల్ అయ్యేలా చూసుకోండి. కొలిచేటప్పుడు అల్లికను బల్ల మీద పరిచి కొలవండి, ఒళ్లో వేలాడదీసి కాదు.

ప్రతి పది వరసలకూ ఒకసారి కుట్లు లెక్కపెట్టండి. 82 ఉండాలి.

7. పైభాగం తగ్గించడం

రెండు కుట్లను ఒకేసారి సూదికి గుచ్చి నిట్ వేస్తే ఒక కుట్టు తగ్గుతుంది. దీన్ని "జంట నిట్" అందాం. నిట్ వైపు నుంచి మొదలుపెట్టండి.

- వరస 1: 1 నిట్, (8 నిట్, 1 జంట నిట్) 8 సార్లు, 1 నిట్. మిగిలేవి 74
- వరస 2: అంతా పర్ల్
- వరస 3: 1 నిట్, (7 నిట్, 1 జంట నిట్) 8 సార్లు, 1 నిట్. మిగిలేవి 66
- వరస 4: అంతా పర్ల్

ఇలాగే బ్రాకెట్లోని నిట్‌ను ఒక్కొక్కటి తగ్గించుకుంటూ పోండి. మిగిలేవి వరసగా 58, 50, 42, 34, 26, 18. ప్రతి తగ్గింపు వరస తర్వాతా ఒక పర్ల్ వరస. 18 దగ్గర పర్ల్ వరస కూడా అయ్యాక 1 నిట్, జంట నిట్ 8 సార్లు, 1 నిట్. 10 కుట్లు మిగులుతాయి.

ఈ అంకెలు నోటు పుస్తకంలో రాసుకుని వరస కాగానే కొట్టేయండి. గుర్తుంటుందిలే అనుకుంటే ఉండదు. లెక్క తప్పితే తప్పు ఆ వరసలోనే ఉంటుంది, వెనక్కి ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు.

ఊలును 40 సెం.మీ. వదిలి కత్తిరించండి. మొద్దు సూదికి ఎక్కించి, ఆ పది కుట్లలోంచి రెండుసార్లు దూర్చి, బిగించి లాగి ముడేయండి. ఒక్కసారే దూరిస్తే నాలుగు ఉతుకుల్లో పైన చిల్లు తెరుచుకుంటుంది.

8. తప్పులు, వాటి మందు

కుట్లు పెరుగుతున్నాయి: 40 కాస్తా 47 అయిన కథ ఇదే. కారణాలు మూడు. మొదటిది, అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, వరస మొదట్లో ఊలును సూది మీదుగా వెనక్కి లాగడం. అప్పుడు మొదటి కుట్టు రెండు కాళ్లూ పైకొచ్చి రెండు కుట్లలా కనిపిస్తాయి, మీరు రెండూ అల్లేస్తారు. వరస మొదట్లో ఊలును సూది కింది నుంచే వెనక్కి తీసుకెళ్లండి. రెండోది, ఊలు ముందుండగానే నిట్ వేయడం. దీనికి చిన్న చిల్లు సాక్ష్యం. మూడోది, ఊలు పోగును చీల్చి గుచ్చడం. ఒక కుట్టు రెండు సన్నని కుట్లవుతుంది. అంచులు ఏటవాలుగా వెడల్పవుతుంటే మొదటిది, మధ్యలో చిల్లుంటే రెండోది అనుకోండి.

కుట్లు తగ్గాయి: ఎక్కడో ఒకటి జారింది, లేదా తెలియకుండా రెండు కలిపి అల్లారు. జారితే కింద నిచ్చెన మెట్లలా అడ్డ పోగులు కనిపిస్తాయి. కంగారుపడి అల్లికను లాగకండి. నిట్ వైపు మీకు ఎదురుగా ఉంచుకుని, జారిన కుట్టులోకి క్రోషే సూదిని ముందునుంచి దూర్చి, దానికి పైనున్న మొదటి మెట్టును పట్టి కుట్టులోంచి లాగండి. తర్వాత దాని పై మెట్టు. పైదాకా వచ్చాక ఎడమ సూది మీద పెట్టండి, కుడి కాలు ముందుండాలి సుమా.

ఒక వరస వదులు, ఒక వరస బిగువు: వెనకవైపు చూస్తే గాడులు గాడులుగా ఉంటుంది. చాలామందికి పర్ల్ వదులుగా వస్తుంది. పర్ల్ వరసకు మాత్రం పావు మిల్లీమీటరు సన్న సూది వాడండి. ఒక చేతిలో ఒకటి, ఇంకో చేతిలో ఇంకోటి ఉంటే ఎవరికీ తెలియదు.

నాలుగైదు వరసల కింద తప్పు కనిపించింది: ఒక్క కుట్టే అయితే దాన్ని మాత్రం కిందిదాకా జార్చి క్రోషే సూదితో మళ్లీ ఎక్కించవచ్చు. వరసంతా తప్పయితే విప్పాల్సిందే. ముందే జాగ్రత్తగా, తగ్గింపులు మొదలుపెట్టబోయే వరసలో అన్ని కుట్లలోంచి ఒక నున్నటి నూలుదారం దూర్చి వదిలేయండి. విప్పినా అక్కడ ఆగుతుంది. చివర్లో ఆ దారం లాగేయొచ్చు.

మధ్యలో ఊలు అయిపోయింది: కొత్త ఉండను వరస మొదట్లోనే కలపండి. మధ్యలో ముడేస్తే బిడ్డ నుదుటి మీదకే వస్తుంది, ఎందుకో తెలియదు గానీ ఎప్పుడూ అక్కడికే వస్తుంది.

9. కలిపి కుట్టడం

నిట్ వైపులు పైకి ఉండేలా రెండు అంచులూ పక్కపక్కన పెట్టండి. అంచు కుట్టు, దాని పక్క కుట్టు మధ్య కొంచెం సాగదీస్తే అడ్డంగా చిన్న పోగులు కనిపిస్తాయి. ఇటు ఒక పోగు కింద, అటు ఒక పోగు కింద, మార్చి మార్చి సూది దూర్చుకుంటూ పోండి. ఐదారు పోగులయ్యాక దారం మెల్లగా లాగితే రెండు అంచులూ దగ్గరికొచ్చి అతుకు కనిపించకుండా పోతుంది. పైనుంచి వచ్చే తోకతో సగం, అంచు దగ్గరి తోకతో సగం కుట్టుకుంటే మధ్యలో కలుస్తాయి.

తోకలను లోపలివైపు అతుకు వెంట నాలుగైదు సెంటీమీటర్లు దూర్చి, దిశ మార్చి మళ్లీ వెనక్కి దూర్చి, అప్పుడు కత్తిరించండి. పాంపం (ఊలు కుచ్చు బంతి), తాళ్లు, పూసలు పెట్టకండి. పసిపిల్లలు లాగి నోట్లో పెట్టుకుంటారు. నిద్రపోయేటప్పుడు టోపీ తీసేయమని బిడ్డ తల్లికి చెప్పండి, ముఖం మీదికి జారితే ప్రమాదం.

10. తడి, ఇస్త్రీ, సైజులు

గోరువెచ్చని నీళ్లలో తడిపి, తువ్వాలులో చుట్టి ఒత్తి, చిన్న గిన్నె బోర్లించి దాని మీద ఆరబెట్టండి. యాక్రిలిక్‌కు ఇస్త్రీ పెట్టె తగలకూడదు. నేనొకసారి చీర ఇస్త్రీ చేస్తూ పక్కనే ఉంది కదా అని ఒక్క నిమిషం ఒత్తాను. అల్లిక చప్పగా, మెరుస్తూ ప్లాస్టిక్ గుడ్డలా అయింది. ఆ సాగుడు మళ్లీ రాలేదు.

వేరే వయసుకు కావాలంటే:

- పుట్టిన బిడ్డకు: 74 కుట్లు, 8 సెం.మీ. దాకా అల్లి, తగ్గింపు "7 నిట్, 1 జంట నిట్"తో మొదలు
- ఆరు నెలల నుంచి ఏడాది బిడ్డకు: 90 కుట్లు, 11.5 సెం.మీ. దాకా, "9 నిట్, 1 జంట నిట్"తో మొదలు

దూరానికి పంపుతుంటే టోపీతో పాటు ఊలు ఉండ లేబుల్ కూడా కవర్లో పెట్టండి. అసలైన ఊలు టోపీని వేడి నీళ్లలో వేసి మెషిన్ తిప్పితే ముడుచుకుపోయి గట్టి దిమ్మెలా అవుతుంది. అది ఊలో, యాక్రిలికో అక్కడ బట్టలు ఉతికేవాళ్లకు తెలియాలి కదా.